సెటూబల్‌లో చేపల భోజనం ఎక్కడ బాగుంటుంది? అమ్మానాన్నలతో ఒక్క రోజు ట్రిప్

గోదారిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్తే. నేను లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, వచ్చి పద్నాలుగు నెలలవుతోంది. జూన్‌లో అమ్మానాన్న మూడు వారాలుండేలా వస్తున్నారు. నాన్నకి చేపలంటే ప్రాణం, ముల్లు తీసుకుంటూ గంటసేపు తినే మనిషి. లిస్బన్‌లో టూరిస్టులు తిరిగే వీధుల్లో ఆయన్ని కూర్చోబెట్టి ఫ్రీజర్ చేప పెట్టించడం నాకు ఇష్టం లేదు. ఆఫీసులో పోర్చుగీసు కొలీగ్ ఒకాయన, చేప తినాలంటే రైల్లో గంట దూరంలో ఉన్న సెటూబల్ ఊరికి వెళ్ళు, అక్కడ షోకు ఫ్రీతు (కటిల్‌ఫిష్ వేపుడు) తినకుండా రావద్దు అన్నాడు. అక్కడ రెస్టారెంట్లు ఏవి అని అడిగితే "ఎక్కడైనా బాగుంటుంది" అన్నాడు, దాంతో నాకేం తేలలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో చోటుకి నాలుగున్నర స్టార్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి.

రెండు ఇబ్బందులున్నాయి. నాకు కుదిరేది శనివారమే, అమ్మ శనివారం నీచు ముట్టదు, గుడ్డు కూడా తినదు. రెండోది, నాన్నకి కారం లేకపోతే ముద్ద దిగదు. ఆయన మోకాళ్ళు కూడా అంత బాగోవు, ఎక్కువ నడిపించలేను. ఎక్కడ తినాలి, ఏం చెప్పాలి, ఎంత అవుతుంది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సాదుతీరం:

సెటూబల్‌లో నాలుగేళ్ళు ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు రెస్టారెంట్ల సంగతి పక్కన పెట్టండి. పొద్దున్నే బజారుకి వెళ్ళండి. మెర్కాదు దు లివ్రమెంతు అని, లూయిజా తోది అవెన్యూ మీదే ఉంటుంది. ఇప్పుడున్న భవనం 1930 నాటిది, లోపల గోడకి పోర్చుగీసువాళ్ళ అజులేజు టైల్స్ మీద పాతకాలపు బొమ్మలు, మధ్యమధ్యలో మనిషికన్నా పెద్దవిగా అమ్మకందార్ల విగ్రహాలు. ఉదయం ఏడింటికి తెరుస్తారు, మధ్యాహ్నం రెండింటికల్లా సర్దేస్తారు, సోమవారం సెలవు. శనివారం తొమ్మిదింటికి వెళ్ళారంటే చేపల వరసలు నిండుగా ఉంటాయి. మీ నాన్నగారికి అదే సగం భోజనం. ఏ చేప ఆ రోజు ఎక్కువగా వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది, బల్ల మీద ఏది గుట్టగా పోసి ఉందో చూసుకుని, మధ్యాహ్నం రెస్టారెంట్‌లో అదే అడగండి. నేను నాలుగేళ్ళూ అలాగే తిన్నాను, ఒక్కసారి కూడా నిరాశ పడలేదు.

జూన్ కాబట్టి సార్డీన్లు (సర్దీన్య అంటారు) ఆ సమయానికి కొవ్వు పట్టి బాగుంటాయి. కళ్ళుప్పు చల్లి బొగ్గుల మీద కాలుస్తారు, అంతే, మసాలా ఏమీ ఉండదు. ఇంకా కరపావ్ దొరుకుతుంది, ఇది చవక చేప, చిన్నవైతే కరకరలాడేలా వేయించి తలతో సహా ఇస్తారు. సల్మునెట్ అని ఎర్ర చేప ఒకటి, విశాఖ వైపు గులివిందలు అంటారే, ఆ కుటుంబానిదే. ఇది ఈ ఊరికి గర్వకారణం, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. చేపని కాల్చి, దాని కాలేయాన్ని వెన్నలోనో నిమ్మరసంలోనో కలిపి సాస్ చేసి పోస్తారు, దాన్ని సెటూబల్ పద్ధతి అంటారు. మీ నాన్నగారు ముల్లు తీసుకుంటూ తినేవారైతే ఇదొక్కటి తినిపించండి, లెక్క చూసుకోవద్దు.

ఇక షోకు ఫ్రీతు. షోకు అంటే కటిల్‌ఫిష్, స్క్విడ్ లాంటిది. మనం షోకులు అంటామే, అలాగే పలకాలి. దళసరి పట్టీలుగా కోసి, వెల్లుల్లి, నిమ్మరసం, బిరియానీ ఆకు, కొన్ని చోట్ల తెల్ల వైన్ వేసి నానబెట్టి, పిండిలో దొర్లించి నూనెలో వేయిస్తారు. బాగా చేసినది ఎలా తెలుస్తుందంటే, పై పొర పలచగా కరకరలాడాలి, లోపల కొరకగానే తెగాలి. రబ్బరులా సాగిందంటే ఆ చోటికి మళ్ళీ వెళ్ళకండి. పక్కన బంగాళదుంప వేపుడు, సలాడ్, నిమ్మచెక్క ఇస్తారు. ప్లేటు ఇద్దరికి సరిపోతుంది చాలా చోట్ల, ఆకలి ఎక్కువ లేకపోతే బన్నులో పెట్టిచ్చేది కూడా ఉంటుంది, నడుస్తూ తినొచ్చు.

పేరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, కాజా సాంతియాగు అని లూయిజా తోది అవెన్యూ మీదే ఉంది, షోకు ఫ్రీతుకి రాజు అని బోర్డు మీద రాసుకున్న చోటు. పేరున్న చోటే, అందరూ అక్కడికే వెళ్తారు కాబట్టి శనివారం ఒంటిగంటకి వెళ్తే బయట నిలబడాలి, మీ నాన్నగారి మోకాళ్ళకి అది కష్టం. పన్నెండున్నరకి ముందే వెళ్ళండి. లేదా ఆ అవెన్యూ వెనక, నది వైపు వీధుల్లో బయట ఇనప పొయ్యి పెట్టి కాల్చే చిన్న చిన్న చోట్లు చాలా ఉన్నాయి. వాటికి పేర్లు చెప్పను, ఎందుకంటే యజమానులు మారుతుంటారు. నేను చూసేది ఒక్కటే, బొగ్గుల పొగ నిజంగా వస్తోందా, లోపల పనిబట్టల్లో ఉన్నవాళ్ళు తింటున్నారా, మెనూ ఒకే భాషలో చేత్తో రాసి ఉందా. మూడింట్లో రెండు ఉంటే కూర్చుంటాను.

రైలు గురించి కూడా. లిస్బన్‌లో రోమా-అరేరు, ఎంత్రెకాంపుష్, సెత్ రీష్ స్టేషన్ల నుంచి ఫెర్టాగుష్ రైలు నేరుగా సెటూబల్ వస్తుంది, దాదాపు గంట. తేజు నది మీద ఆ ఎర్ర వంతెన ఉంది కదా, రైలు దాని కింది అంతస్తులో వెళ్తుంది, అమ్మానాన్నని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. మీకు నలభై యూరోల నవెగాంత్ నెల పాస్ ఉంటే మీకు టికెట్ అక్కర్లేదు, అందులోనే వస్తుంది. స్టేషన్ నుంచి బజారుకి పావుగంట నడక, పెద్దవాళ్ళకి టాక్సీ మాట్లాడుకోండి.

బుజ్జిపండువాళ్ళమ్మ:

పైన చెప్పినవారు ముఖ్యమైనది వదిలేశారు, టైమింగ్స్! చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకే వంటగది, ఆ తర్వాత ఏడు, ఏడున్నర వరకు పొయ్యి వెలిగించరు. మేము పాపతో బీచ్‌లో ఆలస్యమై మూడున్నరకి వెళ్తే వరసగా నాలుగు చోట్ల తల అడ్డంగా ఊపారు, చివరికి కేఫ్‌లో చీజ్ టోస్ట్ తిన్నాం. పెద్దవాళ్ళకి షుగర్ ఉంటే ఇంకా టెన్షన్. బ్యాగులో ఏదో ఒకటి పెట్టుకోండి.

ఇంకోటి, సోమవారం చేప తినొద్దు అంటారు ఇక్కడివాళ్ళు, ఆదివారం పడవలు పెద్దగా వెళ్ళవు కాబట్టి. మీది శనివారమే కాబట్టి పరవాలేదు.

గోదారిగట్టు:

సాదుతీరం గారూ, ఎంత వివరంగా రాశారండీ, చాలా థ్యాంక్స్. గులివిందలు అనగానే నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను, టికెట్లు ఈ రోజే ముందుకి జరపగలవా అన్నారు.

అమ్మ సంగతే ఇంకా బెంగగా ఉంది. మేమిద్దరం తింటుంటే ఆవిడ బ్రెడ్డు, చిప్స్ తింటూ కూర్చోవడం నాకు బాగోదు. ఇంకో విషయం, ఇక్కడ కూర్చోగానే అడక్కుండానే బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు కదా, అది ఫ్రీ అనుకుని మొదట్లో తినేవాణ్ణి, తర్వాత బిల్లులో చూశాను. వద్దంటే బాగోదేమో అని ఊరుకుంటున్నాను. వద్దనొచ్చా?

లెక్కమనిషి:

వద్దనొచ్చు, తప్పేం లేదు. దాన్ని కువేర్ అంటారు. పోర్చుగల్‌లో 2015 నుంచి ఉన్న చట్టంలోనే స్పష్టంగా ఉంది, కస్టమర్ అడగనిదానికి, ముట్టుకోనిదానికి డబ్బులు వసూలు చేయకూడదు. "నావ్, ఓబ్రిగాదు" అని నవ్వుతూ చెబితే ప్లేటు వెనక్కి తీసుకెళ్ళిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళకిది రోజూ మామూలే. బ్రెడ్డు ఉంచుకుని చీజ్ వెనక్కి పంపినా పరవాలేదు. ఒక్క ఆలివ్ తిన్నా మాత్రం ఆ గిన్నె మీదే.

అసలు జాగ్రత్తపడాల్సింది కువేర్ కాదు, చేప బరువు. ఇది నాకు తగిలిన దెబ్బ. రెండేళ్ళ కిందట ఇదే తీరంలో ఇంకో ఊళ్ళో (పేరు అనవసరం) మా ఆవిడా నేనూ వెళ్ళాం. వెయిటర్ ట్రేలో చేపలు తెచ్చి చూపించాడు, సీ బాస్ నిగనిగలాడుతోంది, ఇది బాగుంటుంది అన్నాడు, సరే అన్నాం. కాల్చి తెచ్చాడు, నిజంగానే బాగుంది. బిల్లు వచ్చాక చూస్తే ఆ చేప ఒక్కటే డెబ్భై యూరోలు. కిలో నలభై నాలుగు, చేప కిలోన్నర పైన ఉంది. అతను మోసం చేయలేదు, మెనూలో చేపల పేర్ల పక్కన కిలో ధర అని రాసే ఉంది, నేను దాన్ని ప్లేటు ధర అనుకున్నాను. ఇద్దరికి ఏడెనిమిది వందల గ్రాముల చేప చాలు.

కాబట్టి చేప చూపించగానే రెండు ప్రశ్నలు అడగండి. "క్వాంతు పేజా?" అంటే ఎంత బరువు. "క్వాల్ ఎ ఉ ప్రేసు పుర్ కీలు?" అంటే కిలో ఎంత. బరువు తూచి చూపించమంటే చూపిస్తారు. సార్డీన్లు, కరపావ్, షోకు ఫ్రీతు లాంటివి మామూలుగా ప్లేటు ధరకే ఇస్తారు, వాటికి ఈ బాధ లేదు.

ఇంకా చవగ్గా కావాలంటే మధ్యాహ్నం ప్రాతు దు దీయ అడగండి, అంటే ఆ రోజు వండిన వంట. తలుపు దగ్గర కాగితం మీద రాసి అంటిస్తారు. మామూలు చోట్ల పది, పన్నెండు యూరోల్లో కడుపు నిండుతుంది, కొన్ని చోట్ల సూపు, కాఫీ కూడా కలిపే ఇస్తారు. కాకపోతే శనివారం చాలా చోట్ల ఇది పెట్టరు. మేయా దోజ్ అంటే సగం ప్లేటు, ఇక్కడి సగం ప్లేటు ఒక మనిషికి ఎక్కువే. టిప్ తప్పనిసరి కాదు, మనసుకి నచ్చితే ఒకటి రెండు యూరోలు వదిలేయండి.

కొన్ని చిన్న చోట్ల ఇక్కడి బ్యాంకు మల్టీబాంకు కార్డులే తీసుకుంటారు. మీ దగ్గర ఇక్కడి కార్డు ఉంటే ఇబ్బంది లేదు, నాన్నగారు బిల్లు నేనిస్తానని ఇండియా కార్డు తీస్తే అప్పుడు ఇబ్బంది. క్యాష్ కాస్త ఉంచుకోండి.

కొత్తిమీరకట్ట:

నేను పూర్తి వెజిటేరియన్‌ని, పోర్చుగల్‌లో మూడేళ్ళుగా ఉంటున్నాను, సెటూబల్‌లో కూడా చాలాసార్లు తిన్నాను. అమ్మగారి కోసం రాస్తున్నాను, శ్రద్ధగా చదవండి.

మొదటి మాట, వెజిటేరియన్ అనే పదం మీద ఆధారపడొద్దు. చిన్న ఊళ్ళలో వెజిటేరియన్ అంటే ట్యూనా సలాడ్ తెస్తారు, మాంసం లేదు కదా అని వాళ్ళ ఉద్దేశం. "సెంయ్ కార్న్, సెంయ్ పేష్, సెంయ్ ఓవుష్" అనండి, అంటే మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు. ఒక్కోదాన్ని వేలు మడిచి లెక్కపెడుతూ చెబితే వాళ్ళు కూడా తల ఊపుతూ వింటారు.

సూపు ప్రతి చోటా ఉంటుంది. సోప ద లెగూమ్ష్ అంటే కూరగాయల సూపు, బంగాళదుంప, కారెట్, గుమ్మడి మెత్తగా రుబ్బి చేస్తారు. బాగుంటుంది, కానీ కొన్ని చోట్ల మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారు కాబట్టి "లేవ కార్న్?" అని అడగాలి, ఇందులో మాంసం పడుతుందా అని. కాల్దు వేర్ద్ అని ఆకుపచ్చగా ఉండే సూపు ఉంటుంది, చూడ్డానికి ఆకుకూర పులుసులా ఉండి అమ్మగారికి నచ్చేలా కనిపిస్తుంది, కానీ అందులో షోరీసు అనే పంది మాంసం సాసేజ్ ముక్కలు వేస్తారు. దాన్ని వద్దనండి.

అన్నం సంగతి చెప్తాను, ఇది మనవాళ్ళకి చాలామందికి తెలియదు. సెటూబల్ దగ్గర సముద్రంలో కలిసే సాదు నది ఒడ్డున వరి పండిస్తారు. కరొలీనో రకం, గింజ కాస్త లావుగా ఉండి రసం బాగా పీల్చుకుంటుంది. అరోష్ ద తుమాత్ అని టమాటా అన్నం చేస్తారు, జారుగా, చెంచాతో తినేలా. మన టమాటా రసం అన్నంలో కలిపినట్టు ఉంటుందిగానీ పులుపు తక్కువ. చేపకి పక్కన ఇచ్చే వంట ఇది, విడిగా అడిగితే ఇస్తారు. దీనికి కూడా చేప ఉడికించిన నీళ్ళు పోయలేదు కదా అని అడగాలి. బీన్స్ అన్నం కూడా ఉంటుంది, అందులో సాసేజ్ పడే అవకాశం ఎక్కువ.

తోటలోని చిన్న చేపలు అని అర్థం వచ్చే పేరుతో ఒకటుంది, పెషీన్యుష్ ద ఓర్త. ఫోన్‌లో అనువాదం చూస్తే చేపలు అని వస్తుంది, కానీ అందులో చేప లేదు, లేత బీన్స్ కాయల్ని పిండిలో ముంచి వేయించిన బజ్జీలు. ఇది బాగుంటుందిగానీ పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు, కాబట్టి శనివారం కాకుండా ఇంకో రోజు పెట్టండి.

ఇక అజైతావ్ చీజ్. సెటూబల్ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే ఆ ఊరు. గొర్రెపాలతో చేస్తారు, అరచేతిలో పట్టేంత గుండ్రటి చీజ్, పైన మూతలా కోసి లోపలి మెత్తటి భాగాన్ని చెంచాతో తీసి బ్రెడ్డు మీద రాసుకోవాలి. చాలా చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వేస్తారు కదా, దీనికి మాత్రం ఒక రకం ముళ్ళమొక్క పువ్వు నానబెట్టిన నీళ్ళు వేస్తారు. అందుకని అమ్మగారు శనివారం కూడా నిశ్చింతగా తినొచ్చు. వాసన కాస్త ఘాటుగా ఉంటుంది, మొదటి చెంచా చిన్నది ఇవ్వండి.

తీపిలో జాగ్రత్త. ఈ దేశంలో స్వీట్లన్నీ పచ్చసొన మీదే నడుస్తాయి. అజైతావ్ తోర్త అని చుట్టిన కేకు ఇక్కడ ప్రసిద్ధి, అది పూర్తిగా గుడ్డే. పాలలో అన్నం ఉడికించి నిమ్మతొక్క, దాల్చినచెక్క వేసే పరమాన్నంలో కూడా కొందరు పచ్చసొన కలుపుతారు, రంగు పసుపుగా ఉంటే కలిపారని అర్థం. పళ్ళు అడిగితే సరిపోతుంది. సెటూబల్ నారింజలకి పేరు, పాకం పట్టిన తొక్కలు దుకాణాల్లో అమ్ముతారు.

మీ నాన్నగారికి కారం కావాలంటే "తేంయ్ పిరి-పిరి?" అనండి. చిన్న సీసాలో ఎండు మిరపకాయలు నానిన నూనె తెస్తారు. రెండు చుక్కలు కాదు, ఆయన రెండు చెంచాలు వేసుకున్నా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంటి నుంచి కారప్పొడి తెచ్చుకున్నా పరవాలేదు, చేప మీద మాత్రం ముందు ఏమీ లేకుండా ఒక ముద్ద తినమనండి. ఉప్పూ బొగ్గూ తప్ప వేరేమీ లేని రుచి ఒకసారి నాలుకకి తెలియాలి.

సాదుతీరం:

కొత్తిమీరకట్ట గారు చెప్పిన టమాటా అన్నం సంగతి నాకు తట్టనే లేదు, చాలా మంచి మాట.

లెక్కమనిషి గారూ, కిలో లెక్క మీరు చెప్పింది అక్షరాలా నిజం, కానీ దాన్ని చూసి వీళ్ళు సార్డీన్లతో సరిపెట్టుకుని వెళ్ళిపోతారేమో అని నా భయం. నాన్నగారు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. రెండు చిన్న సల్మునెట్లు అడిగి, ముందే బరువు తూయించుకుంటే జేబుకి మరీ భారం కాదు.

ఇంకా ఒకటి రాయడం మర్చిపోయాను. కాల్దెరాద అని చేపల కూర ఉంది. మట్టిగిన్నెలోనో లోతైన గిన్నెలోనో ఉల్లి, టమాటా, బంగాళదుంప, కాప్సికమ్, మూడు నాలుగు రకాల చేపలు పొరలు పొరలుగా పేర్చి, గరిటె పెట్టి కలపకుండా సన్నని సెగ మీద ఉడికిస్తారు, అప్పుడప్పుడు గిన్నెనే కుదుపుతారు, ముక్క విరక్కూడదని. మన చేపల పులుసు కూడా అంతే కదా, గరిటె పెట్టం. ఇందులో చింతపండు ఉండదు, పులుపంతా టమాటాదే. ఇద్దరికి తక్కువ కాకుండా వండుతారు కాబట్టి శనివారం మీకు కుదరదు, అమ్మగారు తినరు, మీ ఇద్దరికీ షోకు ఫ్రీతు, కాల్చిన చేప ఉండగా ఇది కూడా అంటే ఎక్కువైపోతుంది. మామూలు రోజు ఒకటి సెలవు పెట్టగలిగితే ముగ్గురూ కూర్చుని ఇదే తినాలి.

బుజ్జిపండువాళ్ళమ్మ:

భోజనమయ్యాక ఎక్కువ నడవలేకపోతే త్రోయాకి వెళ్ళే పడవ ఎక్కండి. పావుగంట, ఇరవై నిమిషాల ప్రయాణం, ఎదురుగా ఇసుక తీరం. సాదు నదిలో డాల్ఫిన్లు ఉంటాయి, మాకు కనబడలేదు కానీ పక్క పడవ వాళ్ళకి కనబడ్డాయట. అటువైపు తిండి ఖరీదు ఎక్కువ, అందుకని సెటూబల్‌లోనే తిని వెళ్ళండి.

గోదారిగట్టు (మూడు వారాల తర్వాత):

వెళ్ళొచ్చాం! ఇంత సహాయం చేసిన మీ అందరికీ చెప్పకపోతే తప్పు కదా, అందుకే రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకి బజారులో ఉన్నాం. నాన్న మొదటి పావుగంట ఏమీ మాట్లాడలేదు. ఒక్కో బల్ల దగ్గర ఆగడం, వంగి మొప్ప ఎత్తి చూడటం. ఒక పెద్దావిడ, నల్లటి రబ్బరు ఏప్రన్ కట్టుకుని కటిల్‌ఫిష్ శుభ్రం చేస్తోంది, సిరా సంచి చిట్లకుండా రెండు వేళ్ళతో లాగి పక్కన గిన్నెలో పెడుతోంది. నాన్న ఆవిడ చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ తలెత్తి చూసి నవ్వి, కత్తి ఆపి, ఇంకోటి తీసి ఈయనకి అర్థమయ్యేలా నెమ్మదిగా చేసి చూపించింది. ఒక్క మాట కూడా ఒకరిది ఒకరికి తెలియదు. నాన్న తెలుగులోనే "భలే తీశావమ్మా" అన్నారు, ఆవిడ పోర్చుగీసులో ఏదో జవాబు చెప్పింది.

అమ్మ పళ్ళ వైపు వెళ్ళింది. అక్కడ అట్ట మీద రాసింది నేను చదివి "అననాష్" అన్నాను, అమ్మ వెంటనే "అనాస పండుని వీళ్ళూ అనాసే అంటారా" అంది. ఆ మాట మనకి వీళ్ళ భాష నుంచే వచ్చిందని చెబితే ఎంత సంతోషపడిందో, తర్వాత రోజంతా ఏ బోర్డు కనబడినా చదివి చెప్పమంది.

భోజనానికి పన్నెండుంపావుకే కూర్చున్నాం, అవెన్యూ వెనక వీధిలో, బయట పొయ్యి ఉన్న చిన్న చోట. కువేర్‌లో ఆలివ్‌లు వెనక్కి పంపి, బ్రెడ్డూ అజైతావ్ చీజూ ఉంచుకున్నాం. అమ్మ మొదట వాసన చూసి ముఖం పక్కకి తిప్పుకుంది, చెంచా కొసన తీసి బ్రెడ్డుకి రాసి పెడితే తినింది, తర్వాత తనే ఇంకోసారి రాసుకుంది. టమాటా అన్నం విడిగా అడిగాను, "లేవ పేష్? లేవ కార్న్?" రెండూ అడిగాను, ఆయన లోపలికెళ్ళి వంటావిడని కనుక్కుని వచ్చి, అందరికీ చేసినదాంట్లో చేప నీళ్ళున్నాయి, మీ అమ్మగారికి విడిగా చేస్తాం, ఇరవై నిమిషాలు ఆగగలరా అన్నాడు. ఆగాం. చిన్న గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చింది, పైన కొత్తిమీర. అమ్మ చెంచా పక్కన పెట్టి చేత్తోనే తింది.

సల్మునెట్లు రెండు, బరువు ముందే చూపించారు, ఐదు వందల గ్రాములకి కాస్త తక్కువ. షోకు ఫ్రీతు సగం ప్లేటు. కొత్తిమీరకట్ట గారు చెప్పినట్టే నాన్న మొదటి ముద్ద కారం లేకుండా తిన్నారు. పిరి-పిరి సీసా ఎదురుగానే ఉంది. చేప మొత్తం అయిపోయేదాకా దాన్ని ముట్టుకోలేదు, షోకులకి మాత్రం పోసుకున్నారు. తల కూడా వదల్లేదు. వెయిటర్ ప్లేటు తీస్తూ మిగిలిన ముళ్ళు చూసి లోపలికి తీసుకెళ్ళి కాల్చినాయనకి చూపించాడు, ఆయన బయటికొచ్చి నాన్నకి చెయ్యి కలిపి వెళ్ళాడు.

ముగ్గురికీ కాఫీలతో సహా అరవై రెండు యూరోలు. రైల్లో తిరిగొస్తూ అమ్మ, "మీరిద్దరే తిన్నారు, నేను మామూలు రోజు రావద్దా" అంది. అందుకని వచ్చే బుధవారం సెలవు పెట్టాను. సాదుతీరం గారూ, ఆ కాల్దెరాద మధ్యాహ్నం వెళ్తే అప్పటికప్పుడు చేసిస్తారా, ముందే చెప్పాలా?

సాదుతీరం:

చదువుతుంటే నాకే మళ్ళీ ఆ వీధిలో నిలబడినట్టుంది. ముందు రోజే ఫోన్ చేసి ముగ్గురికి అని చెప్పండి, ఏ చేపలు బాగుంటే అవే వేయమనండి. అమ్మగారు మొదటిసారి తింటున్నారు కాబట్టి ముళ్ళు తక్కువున్నవి వేయమని కూడా చెప్పండి, "పోకష్ ష్పీన్యష్" అంటే అర్థమవుతుంది. గిన్నె అడుగున మిగిలే రసం వదలొద్దు, దాన్లో బ్రెడ్డు ముంచుకోండి, లేదా తెల్లన్నం ఒక ప్లేటు అడగండి.